ఆవిడ అన్నాళ్ళు కొలువులో ఎందుకుందో ముందు రాయి

అమ్మలూ,

నీ నవల రాతప్రతి పూర్తిగా చదివాను, కొన్ని అధ్యాయాలు రెండోసారి కూడా. బాగుందా లేదా అని నువ్వు అడగలేదు కాబట్టి ఆ సంగతి వదిలేస్తున్నా. నువ్వు అడిగింది ఒక్కటే: "పెద్దమ్మా, చదివినవాళ్ళందరూ కత్తి యుద్ధాలు అదిరిపోయాయంటున్నారు, ఆవిడ రాజుకి ఎదురు తిరిగే చోట మాత్రం ఎవరికీ ఏమీ అనిపించట్లేదట, ఎక్కడ తేడా కొట్టింది?" తేడా ఆ సీనులో లేదు. దాన్ని ఎంత చెక్కినా, డైలాగులు ఎన్నిసార్లు మార్చినా, వెనకాల ఉరుములూ మెరుపులూ పెట్టినా లాభం లేదు. దానికి ముందున్న పేజీలన్నిటిలో ఉంది తేడా.

చూడు, నీ రాజు మొదటి పేజీలోనే దుర్మార్గుడు. నీ నాయిక మొదటి పేజీలోనే ధర్మాత్మురాలు. పాఠకుడికి మూడో పేజీకల్లా విషయం తెలిసిపోయింది, ఇక అక్కణ్ణుంచి ఆవిడకి ఎప్పుడు తెలుస్తుందా అని ఎదురుచూస్తూ కూర్చున్నాడు పాపం. తీరా ఆవిడ కత్తి దూసేసరికి "హమ్మయ్య, ఇప్పటికైనా" అనుకుంటాడు తప్ప గుండె ఝల్లుమనదు. పైగా ఒక ప్రశ్న మిగిలిపోతుంది: ఇంత నిజాయితీ, ఇంత తెలివీ ఉన్న మనిషి ఇన్నేళ్ళుగా ఆ కొలువులో ఏం చేస్తోంది? నీ అసలు కథ అదే. రాజు చెడ్డవాడు కాబట్టి తిరగబడింది అని ఎవరైనా చెప్తారు. అన్నాళ్ళు ఎందుకు ఉండిపోయిందో నువ్వే చెప్పాలి, అది చెప్పగలిగితే తిరగబడే సీను దానంతట అదే పలుకుతుంది.

ఉండిపోవడానికి మంచి కారణాలు వెతుకు. భయం, జీతం, అలవాటు ఉంటాయి, అవి అందరికీ ఉండేవే. నీ నాయికకి మాత్రమే ఉండే కారణం ఒకటుంది, నువ్వు దాన్ని చేతిలో పెట్టుకుని వాడుకోలేదు. ఆవిడ ఆడమనిషి. ఆ విషయాన్ని నువ్వు "ఆడదానివి నీకెందుకు కత్తి" అనే ఎగతాళి డైలాగులకే ఖర్చు పెట్టేశావు, అవి కూడా ప్రతి పోరులోనూ ఎవడో ఒకడు అంటూనే ఉన్నాడు, విసుగొచ్చింది. నదేజ్దా దురోవా అని రష్యాలో ఒకావిడ ఉండేది. నెపోలియన్‌తో యుద్ధాల రోజుల్లో మగవేషం వేసుకుని గుర్రపు దళంలో చేరింది. సంగతి బయటపడి జార్ అలెగ్జాండర్ దాకా, అంటే రష్యా చక్రవర్తి దాకా వెళ్ళింది. 1807లో ఆయన ఆవిడని పిలిపించి, ఇంటికి పంపేయకుండా సైన్యంలోనే ఉండనిచ్చాడు, శౌర్య పతకం ఇచ్చాడు, పైగా తన పేరు మీదుగా అలెగ్జాండ్రోవ్ అని ఇంటిపేరు పెట్టాడు. ఒక్కసారి ఆలోచించు. లోకమంతా పొమ్మన్నప్పుడు కత్తి చేతికిచ్చి ఉండమన్నవాడు రాజు ఒక్కడే అయితే, రోజూ జనం పిలిచే నీ పేరులోనే ఆ రాజు పేరు ఉంటే, ఆయన తప్పు నీ కంటికి ఎంత ఆలస్యంగా కనపడుతుంది? కనపడ్డాక కూడా, అది తప్పు కాదేమో అనుకోవడానికి మనసు ఎన్ని దారులు వెతుకుతుంది? దురోవాకి ఎదురు తిరగాల్సిన అవసరం రాలేదు. నీ నాయికకి వచ్చింది. కాబట్టి నీ రాజు ఆవిడకి ఒకప్పుడు నిజంగా మేలు చేసి ఉండాలి, నాటకంగా కాదు, నిజంగా. ఆ మేలు మొదటి అధ్యాయంలో పెట్టు. పాఠకుడికి కూడా ఆ రాజు కాస్త నచ్చాలి.

ఇంకో కారణం, లోకంలో అన్నిచోట్లా కనిపించేది: రాజు మంచివాడే, చుట్టూ చేరినవాళ్ళే దొంగలు అనే నమ్మకం. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడు అని మనవాళ్ళు అననే అన్నారు. ఇది తెలివితక్కువ వాళ్ళ నమ్మకం అనుకోకు. 1905 జనవరిలో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో వేలాది కార్మికులు జార్ పటాలు చేత పట్టుకుని, భక్తి గీతాలు పాడుకుంటూ, తమ గోడు వినిపించుకోవడానికి ఆయన కోటకి బయల్దేరారు. సైన్యం కాల్పులు జరిపింది. ఎన్నో తరాలుగా నిలిచిన నమ్మకం ఆ ఒక్క రోజుతో బీటలు వారింది. నీ నాయికని ఆ జనంలో కాదు, ఆ తుపాకులు పట్టుకున్న వరసలో నిలబెట్టి చూడు. ఎదురుగా వస్తున్నవాళ్ళ చేతుల్లో ఉన్నది తను ప్రాణమిచ్చే రాజు బొమ్మే. ఇలాంటి సీను నీ నవలలో ఒకటి ఉంటే రాజు దుర్మార్గాల మీద రాసిన పేజీల్లో సగం కొట్టేయొచ్చు.

ఇక రాజ్యం కుళ్ళిపోయింది అన్న విషయం. నువ్వు విందులు చూపించావు, బంగారు పళ్ళేలు చూపించావు, నర్తకులని చూపించావు. అవన్నీ మంచి రాజుల దగ్గర కూడా ఉంటాయమ్మా. నీ నాయిక సైనికురాలు కదా, ఆవిడ నిలబడ్డ చోటి నుంచి అవినీతి ఎలా కనపడుతుందో అది రాయి. జీతాలు మూడు నెలలు ఆగిపోతాయి. గుర్రాల దాణాలో ఊక ఎక్కువవుతుంది. ఈటె కర్రలు పచ్చి కర్రతో చేసి పంపుతారు, మొదటి దెబ్బకే విరుగుతాయి. ఒకప్పటి ఐరోపా సైన్యాల్లో దళపతులు చచ్చిపోయిన సైనికుల పేర్లు పట్టీలోంచి తీసేయకుండా వాళ్ళ జీతాలు జేబులో వేసుకునేవారు, మన దొంగ మస్టర్లలాంటివే అనుకో. ఆవిడ దళంలో రాతలో ఉన్నది రెండొందల మంది, కోట గోడ మీద నిలబడితే లెక్కకి వచ్చేది నూట ఇరవై. ఆ ఎనభై మంది లేకపోవడం వల్ల ఒక రాత్రి ఆవిడకి ఇష్టమైన కుర్రాడు చచ్చిపోవాలి. అప్పుడు అవినీతి అన్నమాట ఎక్కడా వాడకుండానే పాఠకుడికి మండుతుంది. ఆ లెక్క రాసే గుమాస్తాని రాక్షసుడిని చేయకు, వాడికీ పైనుంచి వాటా అడిగేవాడు ఒకడుంటాడు, పదవి కొనుక్కోవడానికి చేసిన అప్పు ఒకటుంటుంది. పదవుల్ని సొమ్ముకి అమ్మిన రాజ్యాలు చరిత్రలో చాలానే ఉన్నాయి. రోములో అయితే క్రీ.శ. 193లో చక్రవర్తిని చంపిన అంగరక్షక దళమే సింహాసనాన్ని వేలం పెట్టింది, తలకింత అని ఎక్కువ పాడిన డిడియస్ జూలియానస్‌కి అమ్మేసింది. రెండు నెలలు దాటి కాస్త ఉన్నాడు, అంతే. కాపలా కాయాల్సిన కత్తులే బేరానికి దిగితే ఎలా ఉంటుందో తెలియాలంటే ఆ కథ చాలు.

ఇప్పుడు అన్నిటికంటే గట్టిగా చెప్పే మాట. నీ నాయిక చేతికి మసి అంటలేదు. ఊళ్ళు తగలబెట్టింది వేరే సేనాపతి. పన్నుల కోసం జనాన్ని కొట్టింది వేరే భటులు. ఈవిడ ఎక్కడో సరిహద్దులో పరాయి శత్రువుతో న్యాయంగా పోరాడి వచ్చి, జరిగింది విని, కన్నీళ్ళు పెట్టుకుని, కత్తి దూసింది. కుదరదు. కొలువులో అన్నేళ్ళున్న మనిషి ఏదో ఒకటి చేసి ఉంటుంది. కనీసం ఒక రాత్రి ధాన్యాగారం తలుపు దగ్గర కాపలా ఉన్నది ఈవిడే అయ్యుండాలి, లోపలికి ఎవరినీ రానివ్వొద్దని ఆజ్ఞ, బయట ఆకలితో జనం, ఆజ్ఞ పాటించింది. అప్పుడు అది తప్పని కూడా అనిపించి ఉండకపోవచ్చు. ఈ ఒక్క పని నవల మొత్తాన్ని మోస్తుంది. తర్వాత తిరుగుబాటుదారుల మధ్యకి వెళ్ళినప్పుడు ఆ తలుపు బయట నిలబడ్డ వాళ్ళు అక్కడే ఉంటారు కదా.

భారతం తీసుకో, ఈ విషయంలో దాన్ని మించిన పాఠం లేదు. ద్రౌపదిని సభలోకి ఈడ్చుకొచ్చినప్పుడు కౌరవ సోదరుల్లో నోరు తెరిచి ఇది తప్పు అన్నవాడు వికర్ణుడు. కర్ణుడు కసిరితే కూర్చున్నాడు. యుద్ధంలో అన్న వైపే నిలిచి, భీముడి చేతిలో చచ్చిపోయాడు. భీష్ముడు అంతా చూశాడు, అంతా తెలుసు, కౌరవుల సొమ్ముకి కట్టుబడిపోయాను అని యుద్ధం మొదలవబోయే ముందు ధర్మరాజుతో తన నోటితోనే అన్నాడు. విదురుడు చెప్పి చెప్పి అలిసిపోయాడు. ఇక యుయుత్సుడు, ధృతరాష్ట్రుడి కొడుకే, రెండు సేనలూ ఎదురెదురుగా నిలబడ్డాక, అటునుంచి మా వైపు వచ్చేవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని ధర్మరాజు పిలిస్తే, అందరూ చూస్తుండగా నడిచి ఇటు వచ్చేశాడు. నలుగురూ మంచివాళ్ళే. నీ నాయికలో ఈ నలుగురూ కొంచెం కొంచెం ఉండాలి. కొన్నాళ్ళు వికర్ణుడిలా ఒక మాట అని కూర్చుంటుంది, చాలా ఏళ్ళు భీష్ముడిలా కట్టుబడి ఉంటుంది, చివరికి యుయుత్సుడవుతుంది. వికర్ణుడి దశ తప్పకుండా పెట్టు, దాన్ని అందరూ మర్చిపోతారు. ఒక్కసారి ఎదురు చెప్పి, కసురు తిని, మళ్ళీ పనిలోకి వెళ్ళిపోయిన మనిషి మనందరికీ తెలిసిన మనిషి.

తిరగబడే కారణం ఒకటే ఉండాలనీ, అది స్వచ్ఛంగా ఉండాలనీ పట్టుదల పెట్టుకోకు. రోములో కాసియస్ కైరియా అని అంగరక్షక దళంలో అధికారి, క్రీ.శ. 41లో చక్రవర్తి కలిగులాని చంపినవాడు. ఆ కలిగులా ఎంత క్రూరుడో చెప్పక్కర్లేదు. కానీ కైరియా గొంతు పీలగా ఉండేదని చక్రవర్తి రోజూ వెక్కిరించేవాడు, కాపలావాళ్ళకి చెప్పాల్సిన సంకేతపదం కింద బూతుమాటలు ఇచ్చి నలుగురిలో నవ్వులపాలు చేసేవాడు. మరి ఆ కత్తిపోటు రోము కోసమా, ఆ వెక్కిరింతల కోసమా? రెండూ. నీ నాయికకి కూడా ధర్మాగ్రహం పక్కన ఒక సొంత గాయం పెట్టు, రావాల్సిన పదవి ఎవడో మేనల్లుడికి పోయిందనో ఏదో ఒకటి, దాన్ని ఆవిడ తనకి తాను కూడా ఒప్పుకోకూడదు. ఎవరో ఒకరు మొహం మీద అనేయాలి. ఎవరంటే, నన్నడిగితే ఆ గుమాస్తా.

ఎలా తిరగబడాలి అన్నదాని దగ్గర నీకు నాకు పేచీ ఉంది. నీ రాతప్రతిలో ఆవిడ రాత్రిపూట రాజు శయనాగారంలోకి దూరుతుంది. నిజాయితీగల యోధురాలు అని నువ్వే వంద పేజీల నుంచి చెప్తున్నావు, ఈ పని చేస్తే ఆ మాట ఏమైనట్టు? మధ్యయుగపు ఐరోపాలో సామంతులకి ఒక పద్ధతి ఉండేది: ప్రభువు తన మాట తప్పితే, ఇకమీదట నీకు నాకు సంబంధం లేదని లాంఛనంగా చెప్పి, చేసిన ప్రమాణాన్ని వెనక్కి తీసుకుని, ఆ తర్వాతే కత్తి పట్టాలి. చెప్పకుండా పడితే ద్రోహం. ఇంగ్లండులో జాన్ రాజు మీద ప్రభువులు 1215 మే నెలలో అదే చేశారు, ముందు తెగతెంపులు, తర్వాత లండన్ పట్టుకోవడం, జూన్ 15న రన్నీమీడ్ మైదానంలో మాగ్నా కార్టా, అంటే రాజు అధికారానికి హద్దులు పెట్టిన ఒప్పందం. నీ నాయిక కూడా ముందు సభలో చెప్పాలి. రాజు ఇచ్చిన కత్తి, ఇచ్చిన బిరుదు, ఇచ్చిన మాన్యం, అన్నీ ఆయన ముందు పెట్టేయాలి. వేరే కత్తితో పోరాడాలి, నాసిరకంది అయినా సరే. ఇలా చెప్పి వెళ్ళడం వల్ల నష్టం జరగాలి సుమా! రాజుకి సిద్ధపడే టైం దొరుకుతుంది, కోట తలుపులు మూసుకుంటాయి, ఆవిడతో రావాలనుకున్న వాళ్ళలో కొందరు పట్టుబడతారు. తిరుగుబాటుదారుల నాయకుడు "నీ మాట నిలబెట్టుకోవడం కోసం మా వాళ్ళని చంపించావు" అంటాడు, అతను అన్నది తప్పు కూడా కాదు. దానికి ఆవిడ దగ్గర జవాబు ఉండకూడదు. ఇక్కడ కనీసం రెండు అధ్యాయాలు రాయి, తొందరపడకు.

ఎదురు తిరుగుతారని రాజులకి తెలియదనుకోకు. జపానులో తోకుగావా వంశపు షోగునులు, అంటే సైనిక పాలకులు, సామంతుల భార్యలనీ వారసులనీ తమ కోట ఉన్న ఎదో నగరంలోనే (ఇప్పటి టోక్యో) ఉంచుకునేవారు, పేరుకి మర్యాద, నిజానికి బందీలు. నీ నాయికకి అమ్మో తమ్ముడో రాజధానిలో ఉంటే, రాజు వాళ్ళని ఏమీ చేయకుండా మంచి భవనం ఇచ్చి బాగా చూసుకోవడం చూపించు. అంతకంటే భయం ఏముంటుంది.

కత్తుల గురించి త్వరగా చెప్పేస్తాను. పది కిలోల కత్తి అని రాశావు, అది తీసేయ్. ఒంటిచేత్తో వాడే కత్తులు చాలావరకు కిలో, కిలోన్నర లోపే ఉంటాయి. ఐరోపా సైనికులు తలనుంచి కాళ్ళదాకా తొడిగే ఉక్కు కవచం మొత్తం ఇరవై కిలోలకి అటూ ఇటూ, బరువు ఒళ్ళంతా పంచుకుంటుంది కాబట్టి అది వేసుకుని పరిగెత్తేవారు, గుర్రం ఎక్కేవారు. నీ నాయిక పొడవాటి కత్తిని వీపు మీది ఒరలోంచి దూస్తుంది, చేయి చాలదు, ఒకసారి పొడుగాటి స్కేలుతో నువ్వే ప్రయత్నించు, నడుముకి మార్చేస్తావు. కత్తి మధ్యలో గాడి బరువు తగ్గించడానికి, నెత్తురు కారడానికి కాదు. ఉక్కు కవచాన్ని కత్తితో నిలువునా చీల్చడం జరగదు, సందుల్లో పొడవాలి. తడిసిన కత్తిని తుడవకుండా ఒరలో పెడితే తుప్పు పడుతుంది, కాబట్టి పోరు అయ్యాక తుడిచి నూనె రాసే మనిషిని చూపిస్తే పాఠకుడు ఇంకేమీ అడక్కుండా ఆవిడ యోధురాలని నమ్ముతాడు. యుద్ధభూమిలో ఎక్కువగా పనిచేసేది ఈటె, కత్తి కాదు. 1868లో ఐజు యుద్ధంలో నకానో తకెకో అనే జపాను యువతి ఆడవాళ్ళ దళాన్ని వెంటబెట్టుకుని పొడుగు కర్రకి వంపు కత్తి బిగించిన నగినాతాతో తుపాకుల మీదకి వెళ్ళింది, పాలకులు ఆడవాళ్ళ దళాన్ని అధికారికంగా సైన్యంలో చేర్చుకోలేదు కూడా. కొందరిని పడగొట్టాకే గుండు తగిలి పడిపోయింది. తన తల శత్రువుకి దక్కకూడదని చెల్లెల్ని కోరింది. ఆవిడ పక్షం ఓడిపోయింది. అంత నైపుణ్యం ఉన్నా గుండు ముందు ఎంతవరకు పనికొచ్చిందో చూశావుగా, మరి నీ నాయిక ఒక్కతే ముప్పై మందిని నరికేస్తుంటే నాకు ఆవిడ ప్రాణం మీద టెన్షన్ ఎక్కణ్ణుంచి వస్తుంది?

కత్తి విషయంలో నీకు దొరికిన బంగారం లాంటి అవకాశం ఇంకొకటుంది. రాజు ఆవిడ మీదకి పంపేవాళ్ళు ఎవరు? ఆవిడ దగ్గర కత్తిసాము నేర్చుకున్నవాళ్ళే. ఆవిడ ఎడమ కాలు ముందుకు వేస్తే తర్వాత దెబ్బ ఎటు వస్తుందో వాళ్ళకి తెలుసు, ఎందుకంటే ఆవిడే నేర్పింది. మోకాలు నొప్పి సంగతి కూడా తెలుసు. వాళ్ళని ఓడించాలంటే తను ఎవరికీ నేర్పని పద్ధతిలో, తను నీచం అనుకుని వదిలేసిన పద్ధతిలో పోరాడాలి. కళ్ళల్లో మట్టి కొట్టాలి. అది చూసి ఆ శిష్యుడి మొహంలో కనిపించేది రాయి. నువ్వు ఆరు పేజీలు రాసిన చివరి ద్వంద్వయుద్ధం బదులు ఇది పెట్టు, ఒకటిన్నర పేజీ చాలు. నిజం పోరాటాలు చప్పున అయిపోతాయి.

అటు చేరాక ఆవిడని ఎవరూ నమ్మకూడదు. నీ రాతప్రతిలో తిరుగుబాటుదారులు జయజయధ్వానాలు చేశారు, ఎందుకు చేస్తారు? నిన్నటిదాకా వాళ్ళని తరిమింది ఈవిడే. అహ్మద్‌నగర్ కోటని మొఘలుల నుంచి 1596లో కాపాడిన చాంద్ బీబీ సంగతి చూడు, కూలిన గోడ దగ్గర స్వయంగా నిలబడి పోరాడించిన మనిషి. కొన్నేళ్ళకే శత్రువుతో కుమ్మక్కైందన్న పుకారు పుట్టి సొంత సైనికులే చంపేశారు. ఆవిడ పక్షం మార్చనైనా లేదు. మార్చినవాళ్ళని ఎలా చూస్తారో ఇక నువ్వే ఊహించుకో. భోజనం దగ్గర పక్కన ఎవరూ కూర్చోరు. రహస్య మంతనాలకి పిలవరు, కానీ ఊరేగింపులో ముందు నిలబెడతారు, ఆవిడ మొహం వాళ్ళకి జెండా. ఆ ధాన్యాగారం బయట నిలబడ్డ ముసలావిడ ఒకతి రోజూ ఆవిడని చూస్తూ ఏమీ అనకుండా వెళ్ళిపోతుండాలి. క్షమాపణ సీను పెట్టకు. పెట్టాలనిపిస్తుంది, నాకు తెలుసు, వద్దు.

ముగింపు సంగతి. రాజు చచ్చిపోతే అయిపోయిందన్నట్టు రాశావు. కైరియా కలిగులాని చంపాక, కైరియా పక్షంవాళ్ళే చక్రవర్తి భార్యనీ పసిబిడ్డనీ కూడా చంపారు. సెనేట్‌లో పెద్దలు ఇక చక్రవర్తులే వద్దని ఉపన్యాసాలిస్తుంటే, అంగరక్షక దళం క్లాడియస్‌ని తీసుకొచ్చి గద్దె మీద కూర్చోబెట్టింది. ఆ క్లాడియస్ తనకి గద్దె దక్కడానికి కారణమైన కైరియాకి మరణశిక్ష వేశాడు. రాజుని చంపినవాణ్ణి ఏ కొత్త రాజూ పక్కన పెట్టుకోడు. నీ నవలలోనూ ఖజానా ఖాళీగానే ఉంటుంది, సైనికుల జీతాలు ఇంకా బాకీనే, లెక్కలు తెలిసింది ఆ దొంగ గుమాస్తా ఒక్కడికే కాబట్టి కొత్త ప్రభుత్వం వాణ్ణే మళ్ళీ పనిలో పెట్టుకుంటుంది. కొత్త పాలకులు ఆవిడకి పాత పదవే ఇస్తామంటారు. ఆవిడ ఏం చేస్తుందో నేను చెప్పను, నీకే తెలియాలి, కానీ నవల ఆపాల్సింది అక్కడ, రాజు శవం దగ్గర కాదు.

మొత్తం తిరగరాయమని అనట్లేదు, బెంగ పెట్టుకోకు. నీ వాక్యం బాగుంది, గుర్రాల గురించి రాసిన చోట చాలా బాగుంది. ముందుగా ధాన్యాగారం తలుపు దగ్గరి రాత్రి ఒక్కటీ రాసి పంపు, ఆవిడ మీద ఒక్క జాలి మాట కూడా లేకుండా. అది వచ్చాక మిగతావి ఎక్కడ కొట్టేయాలో ఇద్దరం కూర్చుని చూద్దాం. పేరు మార్చాలా అని అడిగావు, నవల పేరు గురించి ఇప్పుడే ఆలోచించకు.

ప్రేమతో
పెద్దమ్మ